ఊపితే పలకని పెట్టె

ఫిండ్లే, ఒహాయో
సెప్టెంబరు 6, 1994
(బట్టలుతికే మెషీన్ల దుకాణం నుంచి)

వోయ్తాస్ గారికి,

నమస్కారం. మోడల్ కార్ల పత్రికలో మీ ప్రకటన చూశాను. 1969 రివియేరా కిట్, సీలు తీయనిది, కావాలన్నారు. నా దగ్గర ఉంది.

పెట్టె మూలలు నలగలేదు. పైనున్న ప్లాస్టిక్ పొర ఎక్కడా చిరగలేదు. 1968 క్రిస్మస్‌కి నా భార్య లోరీన్ ఇచ్చింది. ఆవిడ మా ఊరి డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో, బహుమతులకు ప్లాస్టిక్ పొరలు చుట్టే కౌంటర్లో పనిచేసేది. ఏటా క్రిస్మస్‌కి నాకొక కిట్ ఇచ్చేది. నేను ఏదీ తెరవలేదు. దాచేవాణ్ణే గాని కట్టేవాణ్ణి కాను. సీలు తీసిన కిట్టు సగం చచ్చినట్టేనని మనవాళ్ళు అంటుంటారు గదా.

ఇప్పుడు ఆ పెట్టెలన్నీ ఉన్న గోడ ఖాళీ చేయాలని ఉంది. దీనితో మొదలుపెడుతున్నాను. బదులు ఏమీ అక్కర్లేదు. షరతు ఒకటే. మీరు కూడా తెరవకూడదు.

ఇట్లు,
వెండెల్ ష్రాక్

తా.క. మా ఇంట్లోనూ బట్టలుతికే మెషీన్ ఉంది. బాగానే పనిచేస్తోంది.

&nbsp;

ఫ్లింట్, మిషిగన్
సెప్టెంబరు 11

మహారాజశ్రీ ష్రాక్ గారి సముఖానికి,

ఫ్లింట్ నుంచి కాజిమిర్ వోయ్తాస్ అనే నేను, ఊళ్ళో అందరికీ కాజ్‌ని, తలమీది టోపీ తీసి చేతబట్టుకుని రాసుకుంటున్నది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నేను పత్రికకెక్కి మరీ అడిగాననుకోండి. అయినా బదులు ఏమీ వద్దని సీలు తీయని రివియేరా చేతిలో పెట్టే మనిషిని నా జన్మలో చూడలేదు. మీ ఉత్తరం మా ఇరేన్‌కి చదివి వినిపించాను. పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే, "ఊరకే రారు మహానుభావులు. ఆ పెట్టెలో ఎలక చచ్చుంటుంది, పంపొద్దను" అంది.

ఆవిడ మాటకేం గాని, పంపండి. నా కథేమిటంటే, ఆ రివియేరా కార్లున్నాయే, నిజం కార్లు, వాటికి తలుపులు బిగించినవాణ్ణి నేను. కుడివైపు తలుపులు. ఎన్ని వేలు బిగించానో దేవుడికే తెలియాలి. ఒక్కదాంట్లో కూడా కూర్చుని ఊరి చివరిదాకా వెళ్ళింది లేదు. నిజంది ఎలాగూ కొనలేకపోయాను, చిన్నదన్నా కట్టుకుని కిటికీలో పెట్టుకుందామని ఈ తాపత్రయం. అలాంటివాడికి కిట్టిచ్చి తెరవొద్దంటారేమిటండీ? క్యాబేజీ కొనిచ్చి కోయొద్దన్నట్టుంది. సరే, ముందు పంపండి. షరతు గురించి తీరిగ్గా దెబ్బలాడుకుందాం. రిటైరైనవాళ్ళం, మనకింకేం పని?

గోడ ఖాళీ చేయడం మీ సొంత ఆలోచన కాదని నాకు తెలుసులెండి. చెల్లెమ్మ గట్టిగా చెప్పి ఉంటుంది. మా ఇంట్లోనూ అంతే. "ఈ ఇంట్లో ఆ బొమ్మ కార్లన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి" అని ఇరేన్ ఏడాదికోసారి అంటుంది. ఆలోచించుకుని చెప్తానంటాను. ఇంకా ఆలోచిస్తున్నాను.

ఫోను చేద్దామనుకునేరు, దండగ. రేకులు అచ్చుకొట్టే షాపులో కొన్నేళ్ళు చేశాను. నా చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చాను. నాతో ఏ మాటైనా కాగితం మీదే.

చెల్లెమ్మ కోసం ఇరేన్ చేత్తో పులియబెట్టిన క్యాబేజీ ఒక సీసా పంపుతున్నాను. అది తిన్న ఇల్లాలు మొగుడి మీద కోపం నిలబెట్టుకోలేదు. అనుభవం మీద చెప్తున్నాను.

మీ రాక కోసం, అంటే పెట్టె రాక కోసం, వీధిలోకి చూస్తూ,
కాజ్

తా.క. సీసా మూత మొహానికి దూరంగా పెట్టి తీయమనండి. పోయిన ఈస్టర్‌కి మా చర్చి ఫాదర్‌గారి కళ్ళజోడు అలాగే పోయింది.

&nbsp;

ఫిండ్లే
సెప్టెంబరు 16
(బ్యాంకు ఎదుట, కారులోంచి)

వోయ్తాస్ గారికి,

పెట్టె ఇవాళ పోస్టు చేశాను. చుట్టూ దుప్పటి ముక్కలు కట్టాను. క్యాబేజీ అందింది. మూత కారు పైకప్పుకి తగిలింది. లోపలివైపు సొట్ట పడింది.

లోరీన్‌కి పెట్టే వీలు లేదు. నేనే తిన్నాను. బాగుంది. ఇరేన్ గారికి చెప్పండి.

గోడ ఖాళీ చేయమని లోరీన్ అనలేదు.

ఇట్లు,
వెండెల్ ష్రాక్

తా.క. పెట్టె తీసినచోట గోడ మీద లేతరంగు చదరం ఒకటి మిగిలింది. అది చూడలేక బ్యాంకుకి వచ్చాను. బ్యాంకులో పనేమీ లేదు.

&nbsp;

ఫ్లింట్
సెప్టెంబరు 22

ష్రాక్ గారూ,

దణ్ణాలూ అవీ తరవాత. ముందొక మాట సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఈ పెట్టెలో ఏం పెట్టారండీ?

పెట్టె వచ్చింది. అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో! ఇరేన్ కూడా చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. ఆ తరవాత మన సంఘంలో ఎవడైనా మొదట చేసే పనే నేనూ చేశాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. మీకు నేను చెప్పాలా? అన్నేళ్ళు పెట్టెలో పడి ఉంటే ముక్కలు వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ రెమ్మల నుంచి ఊడిపోతాయి. చక్రాలూ, ఇరుసులూ, బంపర్లూ అన్నీ లోపల దొర్లుతుంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెట్టె ఊపితే వేరుశెనగకాయల డబ్బాలా గలగలమనాలి. మీ పెట్టె చూడబోతే కడుపులో చల్ల కదలకుండా కూర్చుంది. కుడికి ఊపితే పలకదు, ఎడమకి ఊపితే పలకదు. ఇరేన్ పిండి తూచే కాటా మీద పెట్టింది. బరువు సరిగ్గానే ఉంది. "చెప్పానా, ఎలక" అంది.

మిమ్మల్ని అనుమానించడం లేదు. వంతెనల ఇంజనీరుగా చేసినవారని మన పత్రికలో మీ పేరు కింద చదివాను. ఇంజనీరు ఎలకని పోస్టు చేయడు. కానీ బహుమతి తెచ్చింది చెల్లెమ్మ గదా, ఆవిడకి ఎవడైనా మోసం చేసి అంటగట్టాడేమో! ఒక్కసారి ఆవిణ్ణే అడిగి రాయండి.

గాభరాగా,
కాజ్

తా.క. మా పిల్లి మాత్రం పెట్టె పక్కనే పడుకుంటోంది. ఇరేన్ దాన్నొక సాక్ష్యంగా చూపిస్తోంది.

&nbsp;

ఫిండ్లే
సెప్టెంబరు 27
(బ్లాంచర్డ్ నది వంతెన పక్కన)

వోయ్తాస్ గారికి,

చెవులు రెండూ రేకుల షాపులో వదిలేశానని మీరే రాశారు. చప్పుడు వినపడకపోతే తప్పు పెట్టెదేనా?

లోరీన్ మోసం చేసే మనిషి కాదు. మోసపోయే మనిషీ కాదు. కౌంటర్లో అన్నేళ్ళు పనిచేసింది. పొర మడత చూసి ఏ చేయి చుట్టిందో చెప్పేది. ఆవిడ సీలున్న పెట్టె అని ఇస్తే అది సీలున్నదే.

ఆవిణ్ణి అడగడం కుదరదు.

పెట్టె తిరిగి పంపండి. పోస్టు ఖర్చు నేను భరిస్తాను.

వెండెల్ ష్రాక్

తా.క. పిల్లి ఎక్కడైనా పడుకుంటుంది.

&nbsp;

ఫ్లింట్
అక్టోబరు 4

వెండెల్ గారూ,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఎందుకండీ? నేనేమన్నాను ఇప్పుడు? నా చెవులు పనికిరావు, ఒప్పుకున్నాను. అందుకే ఇరేన్ చేత ఊపించాను. ఆవిడకి పక్కింటివాళ్ళు గుసగుసలాడుకున్నా వినపడుతుంది, వాళ్ళు ఊళ్ళో లేకపోయినా సరే. ఆవిడకీ ఏమీ వినపడలేదు. ఆదివారం చర్చి హాల్లో మా కార్ల సంఘం మొత్తం వంతులవారీగా ఊపింది. ఒకడు ఇటుక అన్నాడు, ఒకడు గుడ్డపేలికలన్నాడు, ముసలి బొలెస్లావ్ ఇది జున్నుగడ్డ అని ఒట్టేశాడు.

ఇలా కాదని ఇరేన్ మేనకోడలి దగ్గరికి తీసుకెళ్ళాను. అది పశువుల ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. ఒక కుక్క కాలుకీ ఒక పిల్లి పొట్టకీ మధ్యలో మన పెట్టెకి వంతు వచ్చింది. పేరు రాయాల్సిన చోట "రివియేరా, ఆడ" అని రాసింది.

ష్రాక్ గారూ, కుర్చీలో సరిగ్గా కూర్చుని చదవండి. ప్లాస్టిక్ ఎక్స్‌రేలో పెద్దగా కనపడదు. ఇనప ఇరుసులు కనపడతాయి. కొత్త కిట్టులో రెండు ఇరుసులూ ఒక మూల ఒకదాని మీద ఒకటి పడి ఉండాలి గదా? ఇందులో ముందొకటి, వెనకొకటి, రెండూ ఒకే ఎత్తులో అడ్డంగా నిలబడి ఉన్నాయి. అంటే ఏమిటి? ఆ పెట్టెలో కట్టేసిన కారుంది! బయట సీలు, లోపల చక్రాల మీద నిలబడ్డ కారు! దీన్ని మా ఫ్లింట్‌లో మోసం అంటారు. మీ ఫిండ్లేలో ఏమంటారో తెలియదు.

చేసింది మీరని అనను. కానీ చెల్లెమ్మని అడగడం కుదరదని రాశారే, అక్కడ నాకు విషయం అర్థమైంది. మీ ఇద్దరికీ మాటల్లేవు. నిజం చెప్పండి. బట్టలు బయట ఉతుక్కుంటున్నారు, సీసా కారులో కూర్చుని తింటున్నారు, ఉత్తరాలు వంతెన పక్కన రాస్తున్నారు. మీరసలు ఇంట్లో ఉంటున్నారా? అన్నగా చెప్తున్నాను, పంతాలకి పోకండి. పూలు కొనుక్కుని వెళ్ళండి. వెళ్ళి ఏమీ వాదించకండి. ఊరికే నిలబడండి.

పెట్టె పంపను. గుట్టు తేలేదాకా నాకు నిద్ర పట్టదు. తెరవడానికి సెలవిప్పించండి.

మీ మంచి కోరి,
కాజ్

తా.క. ఎక్స్‌రే బొమ్మ జతచేశాను. చివర్లో కనిపించేది కారుది కాదు, కుక్క తోక.

&nbsp;

ఫిండ్లే
అక్టోబరు 10
(శ్మశానం గేటు ఎదుటి బల్ల మీద)

వోయ్తాస్ గారికి,

బొమ్మ చూశాను. ఇరుసులు మీరు చెప్పినట్టే ఉన్నాయి. నాకు అర్థం కావడం లేదు. ఆ పెట్టె ఇంట్లోకి వచ్చిన నాటి నుంచి నా గోడ మీదే ఉంది. నేను తప్ప ఎవరూ ముట్టుకోలేదు.

ఎవరైనా లోరీన్‌ని మోసం చేశారంటే నమ్మను. లోరీన్ నన్ను మోసం చేసిందంటే అసలు నమ్మను. కానీ ఈ మాట ఇలా గాలిలో వేలాడటం బాగాలేదు. ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోతున్నాను. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎక్కడికని తెలియదు.

తెరవండి. సాక్షుల ముందు తెరవండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆవిడ మీద మాట ఉండకూడదు.

మీరు చెప్పినట్టు పూలు తీసుకెళ్ళాను. నిలబడ్డాను. వాదించలేదు.

ఇట్లు,
వెండెల్ ష్రాక్

తా.క. కుక్కకి ఎలా ఉంది?

&nbsp;

ఫ్లింట్
అక్టోబరు 17

వెండెల్ గారూ,

కుక్క బాగుంది, గెంతుతోంది. పూలిచ్చినా చెల్లెమ్మ కరగలేదా? గట్టి మనిషే! ఇరేన్ అంటుంది గదా, "పూలెవడికి కావాలి, గిన్నెలు తోమి చూడమను."

ఇక అసలు సంగతి. ఆదివారం చర్చి హాల్లో, ఫాదర్‌గారూ సంఘమూ చుట్టూ నిలబడగా, ఇరేన్ కూరగాయల కత్తితో పొర కోశాను. అప్పటిదాకా గోలగోలగా ఉన్న హాలు నిశ్శబ్దమైపోయింది. నాకెప్పుడూ నిశ్శబ్దమే అనుకోండి, కానీ ఈసారి మొహాలు చూస్తే తెలిసింది. మూత ఎత్తాను. లోపల చారల పైజామా గుడ్డ, నీలం తెలుపు చారలు, పసిపిల్లని చుట్టినట్టు శ్రద్ధగా చుట్టి ఉంది. అందుకే పలకలేదు! విప్పాను.

వెండెల్ గారూ, నవ్వకుండా రాయాలని ప్రయత్నిస్తున్నాను. నా జీవితంలో ఇంతటి జిగురు బాంబుని చూడలేదు. మన సంఘంలో ఆ పేరు ఊరికే పెట్టలేదు. ట్యూబు మొత్తం ఒకేసారి పిండినట్టుంది. బంపరు మీద జిగురు, తలుపు మీద జిగురు, సీటు మీద జిగురు కారి గడ్డకట్టింది. ఒక చక్రం లోపలివైపు బయటికి తిరిగి ఉంది. స్టీరింగు పక్క సీటు ముందు ఉంది. రంగు చెప్పనా? ఎరుపు కాదు, గులాబీ కాదు, పండిన చెర్రీలని పాలల్లో నలిపినట్టు. ఏ మోడల్ రంగుల సీసాలోనూ లేని రంగు. అన్నింటికీ మించి, ముందు అద్దం నట్టనడుమ ఒక బొటనవేలు ముద్ర! జిగురు వేలితో అద్దం పట్టుకున్నారు, ముద్ర అచ్చుగుద్దినట్టు దిగిపోయింది. చిన్న బొటనవేలు. బొలెస్లావ్ భూతద్దం పెట్టి చూసి, "దొంగ దొరికాడు, వేలిముద్ర వదిలిపోయాడు" అన్నాడు. ఫాదర్‌గారు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళారు.

ఎవడో చేతకానివాడు కట్టి, పొర చుట్టించి, కొత్తదని అమ్మేశాడు. పాపం చెల్లెమ్మకేం తెలుసు! నాకు మీ మీద కోపం లేదు. ఒట్టు. పైగా ఒక మంచిమాట. ఎంత పాడైన జిగురు బాంబునైనా బతికించే పని నాకు వెన్నతో పెట్టిన విద్య. విప్పదీసి బ్రేక్ ఆయిల్లో నానబెడితే ఎంత పాత రంగైనా తోలులా ఊడొస్తుంది. అప్పుడే పైభాగం బకెట్లో వేసేశాను. గీతలూ ముద్రలూ అన్నీ పోగొట్టి, అసలు రంగు వేసి, అద్దం మార్చి, కొత్త పెళ్ళికూతురిలా చేసి మీకే తిరిగిచ్చేస్తాను. చెల్లెమ్మ కళ్ళెదుట పెట్టండి. మాటలు అవే కలుస్తాయి.

చేతులకి నూనెతో,
కాజ్

తా.క. ఇదేం రంగోగాని చచ్చినా ఊడటం లేదు! బ్రేక్ ఆయిల్ తాగి ఇంకా మెరుస్తోంది. ఫరవాలేదు, ఒక్క శనివారం కూర్చున్నానంటే ఉప్పుకాగితంతో మొత్తం గీకేస్తాను. ముందు అద్దంతో మొదలుపెడతాను.

&nbsp;

ఫిండ్లే
అక్టోబరు 20
(పోస్టాఫీసు కౌంటర్ దగ్గర, రేపే అందే టపాలో)

కాజ్ గారూ,

గీకకండి.

చారల పైజామా నాది. అరవై ఎనిమిదిలో దాని కోసం ఇల్లంతా వెతికాను. చర్చికి దానమిచ్చానంది.

ఆ రంగు మోడల్ రంగు కాదు. గోళ్ళ రంగు. బొటనవేలు లోరీన్‌ది.

ఆవిడ ఏప్రిల్‌లో చనిపోయింది. ముందే రాయవలసింది. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ లేచి వెళ్ళిపోయాను.

అద్దం ముట్టుకోకండి.

వెండెల్

&nbsp;

ఫ్లింట్
అక్టోబరు 22, శనివారం

తమ్ముడూ వెండెల్,

ముందు ఒకటే మాట. అద్దం క్షేమం. బొటనవేలు క్షేమం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ ఉత్తరం నిన్ననే వచ్చిందట. తపాలా మనిషి తలుపు బాది బాది, ఇరేన్ ఊళ్ళోకి పోవడంతో, నాకు వినపడక, చీటీ అంటించి పోయాడు. ఇవాళ పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. అప్పటికి నేను ఏప్రన్ కట్టుకుని, ఉప్పుకాగితం తడుపుకుని, కారుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు అద్దంతో మొదలుపెడతానన్నానా? కళ్ళజోడు కనపడలేదు. సన్నపని తరవాత చేద్దామని డిక్కీ మీద ఒక్క గీత గీశాను. అంతలో ఇరేన్ నీ ఉత్తరం చింపి చదువుకుంటూ వచ్చి, నా చేతిలోంచి ఉప్పుకాగితం లాగి, అదే కాగితంతో నా వీపు మీద ఒకటి వేసింది. "ఆపరా మొద్దూ! అది చచ్చిపోయినావిడ చెయ్యిరా!" అని అరిచింది. ఇన్నేళ్ళలో ఇరేన్ మాట ఒక్కటి స్పష్టంగా వినపడిందంటే అదే.

బ్రేక్ ఆయిల్ కడిగేశాం. ఇరేన్ గిన్నెల సబ్బుతో, వేళ్ళ కొసలతో. రంగు ఒక్క పొర కూడా ఊడలేదు. ఆవిడ గోళ్ళ మీద ఎంత గట్టిగా ఉండేదో గాని.

ఎన్ని రాశానయ్యా నీకు! ఆలోచించుకుని చెప్తాననీ, క్యాబేజీ పెట్టమనీ, పూలు తీసుకెళ్ళమనీ. నువ్వు తీసుకెళ్ళి నిలబడి వచ్చావు. శ్మశానం గేటు అని ఉత్తరం పైనే రాసి ఉన్నా నా మొద్దు బుర్రకి తట్టలేదు. ఆ ఉత్తరం ఇరేన్ మళ్ళీ తీసి చదివింది. అప్పటి నుంచి పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది. ఉల్లిపాయలు కోస్తున్నానంటుంది. ఇవాళ కూరలో ఉల్లిపాయలే లేవు.

సంఘానికి కబురు చేశాను. ఆవేళ చర్చి హాల్లో నవ్వినవాళ్ళందరూ సాయంత్రం వచ్చి కారు చుట్టూ నిలబడ్డారు. బొలెస్లావ్ భూతద్దం తీసి చాలాసేపు చూసి, "మొదటిసారి కట్టిన చెయ్యి. భయపడుతూ కట్టింది. కానీ ఒక్క ముక్క కూడా వదల్లేదు" అన్నాడు. వాడు ఎవరి కారుని మెచ్చుకున్నా అదే మొదలు.

అదే పైజామాలో చుట్టి, అదే పెట్టెలో పెట్టి, పెద్ద పెట్టెలో దిండ్ల మధ్య పెట్టి పంపుతున్నాను. క్యాబేజీ సీసా వేరే పార్సెల్లో వస్తుంది, రెండూ కలపనివ్వలేదు ఇరేన్.

నీ అన్న,
కాజ్

తా.క. ఏటా క్రిస్మస్‌కి ఒకటి ఇచ్చేదని మొదటి ఉత్తరంలో రాశావు. మిగతావి ఎప్పుడైనా ఊపి చూశావా?

&nbsp;

ఫిండ్లే
అక్టోబరు 30
(ఇంటి నుంచి, వంటింటి బల్ల దగ్గర)

కాజ్ అన్నయ్యకి,

కారు అందింది. డిక్కీ మీది గీత అలాగే ఉంచుతాను. మీ సంతకం అనుకుంటాను.

మీ తా.క. చదివి నేలమాళిగలోకి వెళ్ళాను. నేను ఎప్పుడూ ఊపి చూడలేదు. ఊపితే మూలలు నలుగుతాయని. ఒక్కొక్కటే గోడ మీంచి దించి ఊపాను. అరవై తొమ్మిది క్రిస్మస్‌ది పలకలేదు. డెబ్భై పలకలేదు. ఆ పైవి కూడా పలకలేదు. నా చెవులు బాగానే ఉన్నాయి.

వరసగా తెరిచాను. రెండో ఏటికి జిగురు తగ్గింది. తరవాతి ఏటికి వేలిముద్ర లేదు. ఆ తరవాత స్టీరింగు సరైన వైపుకి వచ్చింది. డెబ్భై అయిదులో ఇచ్చిన నోమాడ్ కారుకి ఇంజను వైర్లు కుట్టుదారంతో పెట్టింది. ఎనభైలో ఇచ్చిన ఇంపాలా కారు లోపల తివాచీ ఉంది. అది నా బూడిదరంగు స్వెట్టరు. రంగు మాత్రం అన్నింటికీ గోళ్ళ రంగే. ఏ ఏడు ఏ రంగు వేసుకునేదో నాకు గుర్తులేదనుకున్నాను. గుర్తుంది. నా బట్టలన్నీ ఏమయ్యాయో కూడా తెలిసింది. కొన్నింటి కోసం చర్చి మీద కోపం పెట్టుకున్నాను.

ఇచ్చిన ప్రతిసారీ, "ఈసారైనా తెరుస్తావా?" అనేది. "తెరిస్తే పాడైపోతుంది" అనేవాణ్ణి. నవ్వి, కాఫీ పెట్టడానికి వెళ్ళేది.

ఒక పెట్టె పలికింది. పోయిన క్రిస్మస్‌ది, 1940 ఫోర్డ్. మీరన్నట్టే, వేరుశెనగకాయల డబ్బాలా. అప్పటికి చేతులు వణికేవి. సూదిలో దారం నన్ను ఎక్కించమనేది. అది ఇచ్చినప్పుడు కూడా ఆ మాటే అడిగింది. నేనూ ఆ మాటే చెప్పాను.

ఇవాళ తెరిచాను. ముక్కలు బల్ల మీద పరిచాను. నేను వేసిన వంతెనల మీద లారీలు తిరుగుతున్నాయి. ఇంజను మాత్రం ఎటు తిప్పి అంటించినా తలకిందులుగానే వస్తోంది. ట్యూబు నొక్కితే ఆగకుండా కారుతోంది. ఎలా ఆపాలో రాయండి. ఆవిడ గోళ్ళ రంగు సీసా అద్దం కింది సొరుగులో ఉంది. అడుగున కొంచెం మిగిలింది. మొత్తం కారుకి చాలదు. బానెట్‌కి సరిపోతుంది.

మీకు రివియేరా వెతుకుతున్నాను. దొరకగానే పంపిస్తాను. షరతు లేదు. వచ్చిన రోజే తెరవండి.

ఇరేన్ గారిని అడిగానని చెప్పండి. రెండో సీసా మూత పెరట్లో తీశాను. ఇంకా దొరకలేదు.

మీ తమ్ముడు,
వెండెల్

తా.క. అక్షరాలు క్షమించాలి, ఎడమచేత్తో రాస్తున్నాను. కుడి బొటనవేలు ఫోర్డ్ ముందు అద్దానికి అంటుకుపోయింది. లాగితే ముద్ర నిలుస్తుందా, పోతుందా? మీ జవాబు వచ్చేదాకా ఇక్కడి నుంచి కదలను.